స్ఫటిక లోపాలకూ స్థలకాల వక్రతకూ ఉన్న పోలిక ఎంతవరకు నిజం?

స్ఫటికాల్లోని లోపాలనూ ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణనూ ఒకే జ్యామితితో వర్ణించవచ్చనడం నిజమైన సామ్యమా, వినసొంపైన ఉపమానమా అని అడిగారు. లోహశాస్త్రం చదువుకొని, సాపేక్షతా సిద్ధాంతాన్ని ఆ తరువాత సొంతంగా నేర్చుకున్నవాడిగా నేను చెప్పగలిగింది ఇది: జ్యామితి వరకు అది అక్షరాలా నిజం, ఆ జ్యామితిని నడిపే సమీకరణాల దగ్గర మాత్రం దారులు వేరు.

నాకు ఇది బోధపడింది కాగితం, కత్తెరలతోనే. షడ్భుజాల గళ్లున్న కాగితంలో ఒక షడ్భుజి కేంద్రం నుంచి 60 డిగ్రీల ముక్కను కత్తిరించి అంచులు అతికిస్తే, ఆ షడ్భుజి పంచభుజిగా మారి కాగితం శంకువవుతుంది. వక్రత అంతా కొనలోనే ఉంటుంది, పక్కల మీద ఏమీ ఉండదు. అయినా కొనకు చెరోవైపున సమాంతరంగా బయలుదేరిన రెండు సరళరేఖలు అవతల కలుసుకుంటాయి. గ్రాఫీన్‌లో పంచభుజి రూపంలో కనిపించే ఈ లోపాన్ని డిస్‌క్లినేషన్ అంటారు. తొలి విశ్వం నుంచి మిగిలి ఉండవచ్చని ఊహించే సన్నని శక్తి తీగ, అంటే నిటారైన కాస్మిక్ స్ట్రింగ్ చుట్టూ ఉండే స్థలం కూడా ఇలాంటి శంకువే. గురుత్వం తప్ప మిగతా ప్రకృతి బలాలను ఒకటిగా చూసే మహా ఏకీకరణ సిద్ధాంతాలు ఊహించిన స్ట్రింగ్‌కు తగ్గే కోణం కొద్ది ఆర్క్ సెకండ్లే (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) కాబట్టి, దాని వెనుకనున్న గెలాక్సీ పక్కపక్కనే రెండుసార్లు కనిపించాలి. అలాంటి జంట ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

పరమాణువుల వరుసలు జరిగిపోయి ఒక రేఖ వెంట ఏర్పడే మరో లోపం, డిస్‌లొకేషన్, సంగతి వేరు. పరమాణువుల వరుసల్లో కుడికి, పైకి, ఎడమకు, కిందికి సమానంగా అడుగులు లెక్కపెడుతూ తిరిగితే, లోపల అదనపు అర్ధతలం ఒకటి చిక్కుకొని ఉన్నచోట మొదలుపెట్టిన పరమాణువుకు చేరలేము. ఆ మిగిలిన అడుగే బర్గర్స్ వెక్టర్. జ్యామితిలో దీనికి సాటి 1922లో గణితవేత్త ఎలీ కార్టన్ ప్రవేశపెట్టిన టోర్షన్ (చిన్న చతుర్భుజం గీయబోతే అది మూసుకోకుండా చేసే మెలిక) అని 1950లలో కొండో, బిల్బీ, క్రోనర్ తదితరులు చూపించారు. లోహాలు వంగడానికీ సాగడానికీ మూలమైన ఈ లోపానికే, టోర్షన్‌ను సున్నాగా తీసుకునే ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో, చోటు లేకపోవడం మాబోటి లోహశాస్త్ర విద్యార్థులకు కాస్త చివుక్కుమనిపించే విషయం.

ఇక చలనం విషయానికొస్తే, కదిలే స్క్రూ డిస్‌లొకేషన్ (పరమాణు తలాలు మరమెట్లలా మెలితిరిగిన రకం) సాపేక్షతలో కదిలే వస్తువుల పొడవు తగ్గడాన్ని చెప్పే లోరెంట్జ్ సూత్రం ప్రకారమే కుంచించుకుపోతుంది, కాంతివేగం స్థానంలో తిర్యక్ ధ్వనివేగం (పరమాణువులు ప్రయాణ దిశకు అడ్డంగా ఊగే తరంగాల వేగం) ఉంటుంది. కానీ ఘనపదార్థంలో ప్రయాణ దిశలోనే ఊగే అనుదైర్ఘ్య తరంగాల వేగం వేరు, పైగా స్ఫటికమే ఒక నిశ్చల చట్రం. కాంతి ప్రయాణానికి మాధ్యమమని ఒకప్పుడు ఊహించి, సాపేక్షత తోసిపుచ్చిన ఈథర్ ఇక్కడ నిజంగానే ఉంది. స్థితిస్థాపకతను వర్ణించే హుక్ నియమంలో శక్తి వికృతి (పదార్థం ఎంత సాగింది, ఎంత వంకరపోయింది అన్న కొలత) మీదనే ఆధారపడుతుంది; గురుత్వంలో వక్రత మాత్రమే లెక్కలోకి వస్తుంది. లెక్కలతో సరిచూసుకోవాలంటే సెయింట్ వెనాంట్ షరతు (పదార్థంలో చీలికలూ అతివ్యాప్తులూ లేకుండా వికృతి అమరడానికి కావలసిన షరతు) నుంచి మొదలుపెట్టండి: అందులో సున్నా కావలసిన టెన్సర్ (దిశలవారీ విలువల పట్టిక), గుర్తునూ స్థిరాంకాన్నీ పక్కనపెడితే, త్రిపరిమాణంలో రేఖీకరించిన, అంటే స్వల్ప వక్రతకు సరళీకరించిన, ఐన్‌స్టీన్ టెన్సరే.