ఆఫీసు మారుస్తున్నాం, రెండు లక్షలు సరిపోతాయా?

ప్రశ్న: నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర కిరాయి గదుల్లో సోలార్ ప్యానెళ్లు అమ్మి బిగించే ఆఫీసు నడుపుతున్నాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. కిరాయి నెలకు 18,000. అడ్వాన్సు 1,50,000 ఇచ్చాను. అందులో లక్ష బ్యాంకు ద్వారా, యాభై వేలు నగదుగా. నగదుకు రసీదు లేదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడేళ్లకు అగ్రిమెంట్ రాసుకున్నాం, రిజిస్టర్ చేయించలేదు. ఇంకా 14 నెలలు మిగిలింది. ఇప్పుడు హైదరాబాద్ రోడ్డులో ఒక ఇంటి కింది అంతస్తు దొరికింది. కిరాయి 28,000, ఆరు నెలల అడ్వాన్సు. మూడేళ్లలోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలల కిరాయి మొత్తం కట్టాలని అగ్రిమెంట్‌లో ఉందని, అడ్వాన్సు కూడా ఇవ్వనని పాత ఓనర్ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మార్పు ఖర్చులకు 2 లక్షలు పక్కన పెట్టాను. సరిపోతాయా?

జవాబు: సరిపోవు. డీసీఎం కిరాయి, హమాలీ ఖర్చు, వైరింగ్, రంగులు కలిపి మీరు ఆ లెక్క వేసుకుని ఉంటారు. కానీ కొత్త అడ్వాన్సే 1,68,000. కొత్త చోట మొదటి నెల కిరాయి 28,000. సామాను సర్దుకునే ఒక నెల రెండు చోట్లా కట్టక తప్పదు, అది 18,000. అంటే ఒక్క కుర్చీ కూడా కదలకముందే 2,14,000 అయింది. పాత అడ్వాన్సు వస్తుంది కదా అనుకుంటున్నారేమో. దయచేసి దాన్ని ఇప్పుడే రాబడి కింద రాసుకోకండి. అది చేతికి వచ్చిన రోజే మీ డబ్బు.

ముందు మీ భయం సంగతి చూద్దాం. 14 నెలల కిరాయి అంటే 2,52,000. ఇది కట్టాల్సి వస్తుందా? ఏడాది మించిన లీజు రిజిస్టర్ కావాలని ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 107 చెబుతుంది. రిజిస్టర్ కాని కాగితాన్ని చూపి మూడేళ్ల గడువును కోర్టులో నిలబెట్టడం మీ ఓనర్‌కు చాలా కష్టం. అలాంటప్పుడు ఆఫీసు కిరాయిని చట్టం నెలవారీ కిరాయిగానే చూస్తుంది. సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఒకవేళ అగ్రిమెంట్ చెల్లినా, కాగితంలో రాసిన మొత్తమంతా దానంతటదే ఓనర్‌కు రాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే.

అయినా నా సలహా, 15 రోజుల నోటీసుతో ఆగకండి. వీలైతే రెండు నెలల ముందే రాతపూర్వకంగా, స్పీడ్ పోస్టులో, అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పంపండి. అదనంగా పోయేది కొద్ది కిరాయి, తప్పేది పెద్ద గొడవ. ‘ఆఖరి నెలల కిరాయి అడ్వాన్సులో పట్టుకోండి’ అని మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఓనర్ రాసి ఒప్పుకుంటేనే అలా చేయాలి, లేదంటే మీరే బాకీదారు అవుతారు.

యాభై వేల నగదు గురించి నాకు నిజంగా ఆందోళనగా ఉంది. నోటీసు ఇచ్చాక ఎవరూ మంచిగా మాట్లాడరు. అందుకే నోటీసుకు ముందే ‘మొత్తం అడ్వాన్సు లక్షా యాభై వేలు మీ దగ్గర ఉంది కదా’ అని వాట్సాప్‌లో అడగండి. ఆయన అవునన్న ఒక్క జవాబు చాలు. ఆ ఫోన్ మార్చకండి, మెసేజ్ తీసేయకండి.

మీరు బిగించుకున్న ఏసీలు, పార్టిషన్లు, బోర్డు మీవే. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం వాటిని తీసుకుపోవచ్చు, కానీ గది మీ కబ్జాలో ఉన్నంతవరకే. తాళాలు ఇచ్చాక మర్చిపోయిన ఏసీ కోసం వెళ్తే కుదరదు. తీసేచోట గోడకు పడిన రంధ్రాలు పూడ్చాల్సింది మీరే, ఆ ఖర్చు రాసుకోండి. మామూలు వాడకంతో మాసిన రంగు మీ బాధ్యత కాదు, అగ్రిమెంట్‌లో రంగు వేయించాలని విడిగా ఉంటే తప్ప. ఖాళీ గదిని వీడియో తీసి, తాళాలు అందాయని తేదీతో సంతకం చేయించుకోండి. సంతకం పెట్టనంటే అదే రోజు ఆ సంగతి రాసి పోస్టు చేయండి. కిరాయి ఎప్పటిదాకా అన్న తగాదా సాధారణంగా ఈ తేదీ దగ్గరే మొదలవుతుంది.

ఇక మీరు అడగనిది. 2024 అక్టోబర్ 10 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని ఓనర్ దగ్గర వ్యాపార స్థలం కిరాయికి తీసుకున్న రిజిస్టర్డ్ వ్యాపారి 18 శాతం పన్నును రివర్స్ చార్జ్ కింద తానే కట్టాలి. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారికి ఇది లేదు. కొత్త కిరాయి మీద నెలకు 5,040 అవుతుంది. తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు గానీ, ముందు నగదుగా కట్టాలి. పాత ఓనర్‌కు రిజిస్ట్రేషన్ లేకపోతే, అక్కడ నెలకు 3,240 చొప్పున కట్టారో లేదో మీ అకౌంటెంట్‌ను ఇవాళే అడగండి. కట్టకపోతే వడ్డీతో కలిపి ఆ బాకీ కూడా ఈ బడ్జెట్‌లోకే వస్తుంది.

కొత్త చోటు ఇల్లు అన్నారు కాబట్టి కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఉందో చూడండి. ఇంటి మీటరు మీద ఆఫీసు నడిపితే విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 126 కింద రెండింతల టారిఫ్‌తో బిల్లు వేస్తారు. కేటగిరీ మార్పు, పాత బకాయిలు ఓనర్ చూసుకోవాలని అగ్రిమెంట్‌లో రాయించాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఆ అగ్రిమెంట్‌ను ఈసారి రిజిస్టర్ చేయించండి. పదకొండు నెలల కాగితంతో సరిపెట్టుకోవడం మన దగ్గర అలవాటే. చిన్న మడిగెకు అది చాలు. మీరు మాత్రం ఫాల్స్ సీలింగ్, వైరింగ్ మీద డబ్బు పెట్టబోతున్నారు. ఇప్పుడు మిమ్మల్ని కాపాడిన 15 రోజుల నోటీసే రేపు కొత్త ఓనర్ చేతిలో మీ మీదికి వస్తుంది. స్టాంపు డ్యూటీ, ఫీజు ఎంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడిగి, ఎవరు ఎంత కట్టాలో తేల్చుకోండి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో కూడా అందులో ఉండాలి.

ప్యానెళ్లు తరలించే ముందు కొత్త చిరునామాను జీఎస్టీలో అదనపు వ్యాపార స్థలంగా చేర్పించండి. సరుకు విలువ 50,000 దాటితే డెలివరీ చలానాతో పాటు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) కావాలి. ప్రధాన చిరునామా మారిన 15 రోజుల్లోపు ఆ మార్పు కూడా నమోదు చేయాలి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, ఇన్సూరెన్స్ పాలసీ కూడా పాత చిరునామా మీదే ఉంటాయి, మార్పించండి.

వైరింగ్, రవాణా, పాత గది రిపేర్లు కలిపి ఇంకో లక్షన్నర చూసుకుంటే ఊపిరి తీసుకోగలుగుతారు. అంత సర్దుబాటు కాకపోతే కొత్త ఓనర్‌తో అడ్వాన్సు మూడు నెలలకు తగ్గించమని మాట్లాడండి, 84,000 మిగులుతుంది.

అడ్వాన్సు ఇవ్వనని ఓనర్ మొండికేస్తే వెంటనే దావా వేయకండి. ముందు నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు ఇస్తే అది కోర్టు డిక్రీతో సమానం. వెళ్లేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్, నోటీసు నకలు, పోస్టు రసీదు, ఆ వాట్సాప్ మెసేజ్ ఉన్న ఫోన్ వెంట తీసుకెళ్లండి.