పాత థర్మల్ స్టేషన్‌ని ముట్టుకునే ముందు

ముత్తుకూరు

చిరంజీవి అబ్బయ్యకు,

మూతపడ్డ బొగ్గు ప్లాంటు స్థలాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ అక్కడ ఏం కట్టాలో అప్పుడే బొమ్మలు గీయబాకు. కింద ఏముందో తెలిశాకే పైన ఏం రావాలో తేలుతుంది.

ముందు బొగ్గు కాల్చిన బూడిదను నీళ్లతో కలిపి వదిలిన బూడిద చెరువు చూడు. పైన ఎండి పగుళ్లిచ్చి గట్టి నేలలా కనిపిస్తుంది. లారీ ఎక్కితే దిగబడుతుంది. లోపల నీరు పట్టిన సన్న బూడిద, బరువు పడితే జారిపోతుంది. అందుకే అక్కడక్కడా బోరు వేయించి అడుగుదాకా నమూనాలు తీయించు. ఆర్సెనిక్, పాదరసం, సీసం పరీక్ష తప్పనిసరి. చుట్టుపక్కల బావుల నీళ్లు కూడా వానలకు ముందోసారి, తర్వాతోసారి చూపించు. బూడిద తవ్వేటప్పుడు తడపకుండా తవ్వనివ్వకు. పెరట్లో ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి మసకబారితే ఆ ఇంటివాళ్లకెంత కడుపుమంటో ఇక్కడ మేం చూస్తూనే ఉన్నాం. చెరువుల్లో పేరుకున్న పాత బూడిదనూ ఇటుకలకో, సిమెంటుకో, రోడ్లకో దశలవారీగా వాడాలని 2021 డిసెంబర్ కేంద్ర నోటిఫికేషన్‌లో ఉంది. దాన్ని శ్రద్ధగా చదువు.

పాత ఆవిరి పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు; పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీ అనే విషం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గ్యాస్ కట్టర్‌ని లోపలికి రానివ్వకు.

స్క్రాప్ కొనేవాడి కన్ను ముందు, ప్లాంటు కరెంటును బయటి లైన్లకు కలిపే స్విచ్ యార్డ్ రాగి మీదే పడుతుంది. దాన్ని మాత్రం అమ్మనివ్వకు! గ్రిడ్‌కి కలిసిన ఆ లైన్లే స్థలానికి అసలు ఆస్తి. ఆస్ట్రేలియాలో లిడెల్ బొగ్గు ప్లాంటు 2023లో మూతపడితే, అక్కడి గ్రిడ్ లైన్ల ఆసరాతోనే అదే చోట కరెంటు నిల్వచేసే పెద్ద బ్యాటరీ కేంద్రం పని చేపట్టారు.

2024లో పాల్వంచ పాత థర్మల్ స్టేషన్‌లో ఎనిమిది కూలింగ్ టవర్లు క్షణాల్లో నేలకూలాయి. కూల్చడం అంత తేలిక, మళ్లీ నిలబెట్టడానికి ఏళ్లు పడుతుంది. లండన్‌లోని బ్యాటర్సీ విద్యుత్ కేంద్రం 1983లో ఆగితే, జనానికి మళ్లీ తెరుచుకునేసరికి 2022 వచ్చింది. అందుకని అంతా ఒకేసారి అనుకోకు. శుభ్రంగా ఉన్న గోడౌన్లు, క్వార్టర్లు ముందు వాడకంలో పెట్టు.

కాంట్రాక్టు కార్మికులను మరిచిపోవద్దు. పైపు ఎక్కడ పూడ్చారో, నూనె ఎక్కడ ఒలికిందో కాగితాల కంటే వాళ్లకే బాగా తెలుసు. కొత్త పనుల్లో మొదటి అవకాశం వాళ్లకేనని టెండర్‌లోనే షరతు రాయించు. తర్వాత నోటిమాటగా అడిగితే ఎవరూ వినరు.

పాత లేఅవుట్ డ్రాయింగులు దొరికితే నాకు కొరియర్ చెయ్యి, చూసి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య