ఫలితాలు రాకముందే ఇంట్లో మేజర్ గొడవ

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. పదిహేడేళ్ల మా అమ్మాయి పన్నెండో తరగతిలో ఉంది, పది విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసింది. డిసెంబరులో ఒకచోట నిర్ణయాన్ని వాయిదా వేశారు; మిగిలినవి మార్చి చివరికి గాని తెలియవు. తనకు జీవశాస్త్రమూ ఆర్థికశాస్త్రమూ ఇష్టం, రెండేళ్లు చదివాక తేల్చుకుంటానంటోంది. మావారికి అప్పట్లో ఎంసెట్ ర్యాంకుకు సివిల్ దొరికింది. తరవాత కంప్యూటర్లు నేర్చుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చారు. ఆయన కంప్యూటర్ సైన్స్ తప్ప మరొకటి ఒప్పుకోరు. రోజూ భోజనాల దగ్గర ఇదే వాదన. గుంటూరు నుంచి అత్తగారు ఫోన్ చేసి ‘సీటు ఎక్కడొచ్చింది’ అని అడుగుతారు. అమ్మాయి మాట్లాడటమే తగ్గించేసింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పది చోట్ల ఎవరెవరో తనను తూకం వేస్తున్నారన్న భావనతో రోజులు గడుపుతున్న పిల్లకు అన్నం దగ్గర కూడా అదే తూకం ఎదురైతే మౌనం తప్ప దారి ఏముంటుంది? ముందుగా ఆ వాదన ఆపండి. ఏ మేజర్, అంటే డిగ్రీలో ఏ ప్రధాన విషయం, కోరుతున్నదీ ఆమె దరఖాస్తుల్లో ఎప్పుడో రాసి పంపింది కనుక, ఇప్పుడు మీరు ఎంత వాదించుకున్నా ఒక్క ఫలితం కూడా మారదు. నిజంగా ఎంచుకోవలసిన సమయం ఏప్రిల్. చాలా విశ్వవిద్యాలయాలకు మే 1 లోగా జవాబు చెప్పాలి కాబట్టి ఆ నెల రోజుల కోసం మీ ఓపికను దాచుకోండి.

ఇక అసలు విషయంలో మీవారి మాటా నిజమే, మీ అమ్మాయి మాటా నిజమే, కాని వేర్వేరు చోట్ల. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో కంప్యూటర్ సైన్స్‌కు మొదటే నేరుగా ప్రవేశం దొరకకపోతే, వేరే మేజర్‌లో చేరి తరవాత అందులోకి మారడం చాలా కష్టం. మీ రాష్ట్రంలోని టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లోనూ ఈ మార్పునకు పోటీ గట్టిగానే ఉంటుంది. అటువంటి చోట ‘తరవాత చూసుకుంటాను’ అనడం దాదాపుగా ఆ చదువును వదులుకోవడమే. ఎంఐటీలో అలా కాదు. అక్కడ విద్యార్థిని సంస్థలోకి తీసుకుంటారు గాని ఏదో ఒక శాఖలోకి కాదు, మేజర్ మొదటి ఏడాది చివర ఎంచుకుంటే సరిపోతుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1969 నుంచి నడుస్తున్న విధానంలో రెండో ఏడాది చివరి వరకు గడువుంటుంది. కనుక తండ్రీకూతుళ్లిద్దరూ ఒక ఆదివారం కూర్చుని, పది విశ్వవిద్యాలయాల్లో మేజర్ మార్చుకునే నిబంధనలు ఏమిటో ఒక పుస్తకంలో రాసుకుంటే, మీ ఇంటి తగవు చాలావరకు ఆ పేజీల్లోనే తేలిపోతుందని నా నమ్మకం. ఇల్లినాయ్‌లో కంప్యూటర్ సైన్స్‌ను ఆర్థికశాస్త్రంతో కలిపిన డిగ్రీ ఉందన్న సంగతి కూడా అప్పుడే వాళ్ల కంట పడుతుంది.

మీ అమ్మాయికి కూడా ఒక మాట చెప్పాలి. తేల్చుకోకపోవడం తప్పు కాదు. అయితే జీవశాస్త్రం వైపు వెళ్లాలంటే రసాయనశాస్త్రం మొదటి ఏడాదే మొదలుపెట్టాలి, లేకపోతే ఆఖరున ఒక సెమిస్టరు, దానితో పాటు ఫీజు, పెరుగుతాయి. ఎక్కడ చేరినా మొదటి ఏడాదిలో కాల్క్యులస్, రసాయనశాస్త్రం, ప్రోగ్రామింగ్ పరిచయ కోర్సు తీసుకుంటే మూడు దారులూ కొంతకాలం తెరిచే ఉంటాయి. డిసెంబరులో వచ్చినది తిరస్కారం కాదు. అక్కడివారు అనుమతిస్తే, ఆ తరవాత తాను సాధించినవి చెబుతూ, ఇంకా అక్కడే చదవాలని ఉందని ఒక చిన్న లేఖ రాయవచ్చు.

మీవారి పట్టుదల నాకు అర్థమైంది. తాను చుట్టుదారిన చేరిన చోటికి కూతురు నేరుగా చేరాలని ఆయన తాపత్రయం. కానీ ర్యాంకు కార్డు పట్టుకుని కౌన్సెలింగ్‌లో ఇష్టం లేని బ్రాంచికి తల ఊపిన ఆ రోజు గురించి ఆయన కూతురికి ఎప్పుడైనా చెప్పారా? ఆజ్ఞలా కాకుండా తన అనుభవంలా చెప్పమనండి. నాన్న భయం ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆమె వినే తీరు మారుతుంది.

అత్తగారికి మాత్రం ఏప్రిల్ దాకా ఏమీ తెలియదని మీరే గట్టిగా చెప్పండి. ఫలితం వచ్చిన రోజున గది తలుపు వేసుకుని ఒంటరిగా చూసుకుంటానని మీ అమ్మాయి అంటే చూసుకోనివ్వండి. గుంటూరుకు ఫోన్ చేయాలనిపించినప్పుడు తనే చేస్తుంది.