లాంచీ లోపలి టేకుపలకలకు వార్నిషు వేసే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. పాత లాంచీ సందులకు నార కూరడం పూర్తయిందనీ, క్యాబిను లోపలి టేకుకు వార్నిషు వేయించి దసరాకు గోదావరిలోకి దించుతాననీ రాశావు. దించడం వరకు మంచిదే. ఒడ్డున ఎండలో ఎక్కువకాలం ఉంటే పక్కపలకలు ఎండి సందులు మళ్ళీ తెరుచుకుంటాయి. వార్నిషు పని మాత్రం సంక్రాంతి దాటేదాకా ఆపు. లోపలి పలకలను ఊడదీసి, వెనుకవైపు పెన్సిలుతో అంకెలు వేసి, మధ్యమధ్య బద్దలు పెట్టి షెడ్డులో పేర్చు. తేమ కొలిచే మీటరు 15 శాతానికి పైన చూపిస్తున్నంతకాలం డబ్బా మూత తీయవద్దు. నా తొలి లాంచీకి శ్రావణంలో వార్నిషు వేశాను. ఏడాది తిరగకముందే పొరలు పొరలుగా లేచిపోయింది.

పలకలు ఆరేలోగా పుచ్చు వెతుకు. చెక్క పడవను ఉప్పునీటి కన్నా పైకప్పు నుంచి కారే వాననీరే ఎక్కువగా పాడుచేస్తుంది కనుక, కిటికీల కింద, పలకల కొసల్లో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. మెత్తగా దిగినచోట చేవ తగిలేదాకా కోసి, ఏటవాలు అతుకుతో కొత్త టేకు ముక్క వేయించు. లప్పం పెట్టి కప్పిపుచ్చితే వార్నిషు కింద మచ్చలా కనబడుతూనే ఉంటుంది. ఇనుప మరల (స్క్రూల) చుట్టూ ఉన్న నల్లమరకలు ఆక్జాలిక్ ఆమ్లంతో పోతాయి. చేతులకు తొడుగులు వేసుకొని రుద్ది, మంచినీళ్ళతో బాగా కడిగించు. ఆ మరల స్థానంలో ఇత్తడివి వాడు.

గరుకైన 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 120, 180, నునుపైన 220 వరకు చెక్క పోగు వెంబడే రుద్దాలి, ముక్కుకు మాస్కు తప్పనిసరి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి, పూత వేసే ముందు అసిటోనుతో తుడవకపోతే వార్నిషు సరిగా పట్టదు. మొదటి పూతలో సగానికి సగం టర్పెంటైన్ కలిపితే చెక్కలోకి ఇంకుతుంది. తరువాతి పూతలు క్రమంగా చిక్కబడాలి. లోపల ఎండ తగలదు కనుక నాలుగైదు పూతలు చాలు. పూతకూ పూతకూ మధ్య 320 నంబరు కాగితంతో తేలికగా రుద్దు. ఉక్కు పీచు వాడితే దాని తునకలు చెక్కలో ఇరుక్కుని తుప్పుపడతాయి. నీ మిత్రుడు చెప్పిన లక్కపాలిష్ ఇంట్లో బీరువాకు అందమే కానీ, తేమకు తెల్లబారే ఆ పూత పడవకు పనికిరాదు.

అందరూ విస్మరించేది పలక వెనుకభాగం. అక్కడా, కొసలకూ రెండు పూతలు వేయకపోతే తేమ వెనుకనుంచి ఎక్కి ముందున్న మెరుపును ఊడగొడుతుంది. బిగించేటప్పుడు కూడా పలకకు కిందా మీదా గాలి ఆడే సందు ఉంచాలి, అడుగున నీరు పారే రంధ్రాలను మూయకూడదు. మర తలలను కప్పే టేకు బిళ్ళలను జిగురుతో కాక వార్నిషుతోనే అంటించు. మరమ్మతుకు విప్పవలసి వస్తే చెక్క చీలకుండా వస్తాయి.

అవిసెనూనె అంటిన గుడ్డలను కుప్పగా వదిలితే వాటంతట అవే అంటుకుంటాయి, నీళ్ళ బకెట్లో వేయించు. ఫాల్గుణంలో నేను వస్తాను. అప్పటిదాకా ఒక్క పలక కూడా బిగించవద్దు, వెనుకభాగం చూడాలి.

ఇట్లు,
పెదనాన్న