ప్లాంట్ రూమ్‌లో ఆరు నెలలు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మీ మావయ్య ఆశీస్సులు. డిప్లొమా ఆఖరి సెమిస్టర్‌లో, పెద్ద బిల్డింగుల్లో కరెంటు, ఏసీ, నీళ్ల మెషీన్లు నడిపే ప్లాంట్ రూమ్ ట్రైనింగ్‌కి ఎక్కడ చేరాలో తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. హైదరాబాద్‌లో ఒక ఐటీ పార్కు, ఇక్కడ బందరు రోడ్డు మీద ఒక మాల్, సూర్యారావుపేటలో ఒక పాత ఆసుపత్రి, ఈ మూడింట్లో ఏదైనా దొరుకుతుందట. నాలుగో దారి కూడా ఉందని, ఎవరికో డబ్బు కడితే గుంటూరులో ఇంట్లో కూర్చునే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని మీ చెల్లి నా చెవిన వేసింది. అమ్మకి చెప్పలేదులే.

ముందు ఆ నాలుగోదాని సంగతి తేల్చేద్దాం. అలాంటి కాగితాలు పట్టుకుని ఇంటర్వ్యూలకి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. "కరెంటు పోయాక మీ సైట్‌లో జనరేటర్ ఎన్ని సెకన్లలో లోడ్ తీసుకునేది?" అని అడిగితే నేలచూపులు చూస్తారు. నిజంగా అక్కడ డ్యూటీ చేసినవాడు ఆ చీకట్లో ఎన్నోసార్లు సెకన్లు లెక్కపెట్టుకుని ఉంటాడు. ట్రైనింగ్ ఇవ్వడానికి నీ దగ్గరే డబ్బు అడిగే ఏ చోటికీ వెళ్ళకు.

మిగతా మూడింట్లో ఆసుపత్రికే నా ఓటు. నలుగురిలో చెప్పుకోవడానికి ఐటీ పార్కు బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ ట్రైనీని ఏసీ గదిలో బిల్డింగ్‌లో మెషీన్లన్నీ కంప్యూటర్‌లో చూపించే బీఎంఎస్ స్క్రీన్ ముందు కూర్చోబెడతారు. పంపు పచ్చరంగులో తిరుగుతూ కనిపిస్తుంది. ఆ పంపు షాఫ్టు బయటికి వచ్చే చోట, గ్లాండ్ దగ్గర, నీళ్లు కారుతున్న సంగతి మాత్రం కిందికి దిగినవాడికే తెలుస్తుంది. మాల్‌లో రాత్రి షాపులు కట్టేశాక సగం ప్లాంటు ఆపేస్తారు, ఏ రిపేరైనా తెల్లారేలోపు చేసుకోవచ్చు. ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్లు, యూపీఎస్, ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్, ఆపరేషన్ థియేటర్లకి చల్లగాలి పంపే ఏహెచ్‌యూలు, సిలిండర్ల నుంచి వార్డులకి ఆక్సిజన్ పంపే మానిఫోల్డ్, స్టీమ్, లిఫ్టులు, ఆర్వో ప్లాంటు, మురుగునీళ్లు శుద్ధి చేసే ఎస్టీపీ, ఫైర్ పంపులు అన్నీ ఒకే కాంపౌండులో ఉంటాయి. వాటిలో ఏది ఆపాలన్నా ఎవరో ఒకరి పర్మిషన్ కావాలి. థియేటర్‌లో కేసు నడుస్తుంటే ఏహెచ్‌యూ ఫిల్టర్ మార్చలేవు. లోపల 21 డిగ్రీల దగ్గర చల్లదనం ఉండాలి, కారిడార్ గాలి లోపలికి రాకుండా థియేటర్‌లో ప్రెషర్ కాస్త ఎక్కువ ఉండాలి. అందుకని థియేటర్ (ఓటీ) సిస్టర్‌ని ముందు రోజే అడిగి, టైమ్ రాయించుకుని, పని ముగించి, మళ్ళీ ఆవిడకి చెప్పాలి. ఇలా షట్‌డౌన్ అడిగి తీసుకోవడం మీ సిలబస్‌లో లేదు, మా ఉద్యోగంలో సగం అదే.

పాత బిల్డింగ్ అని మొహం చిట్లించకు. వారంటీలో ఉన్న కొత్త మెషీన్ తలుపు నిన్ను ముట్టుకోనివ్వరు. పాతదైతే తరచూ మొరాయిస్తుంది, విప్పుతారు, నువ్వు పక్కన నిలబడి టార్చి పట్టుకోవచ్చు.

చేరే ముందు ఒక్కసారి ప్లాంట్ రూమ్ చూపించమని అడుగు. ప్యానెల్ ముందు రబ్బరు మ్యాట్ ఉందా, లేక అక్కడ పాత ట్యూబులైట్లు, అట్టపెట్టెలు పేర్చారా? కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే సింగిల్ లైన్ డయాగ్రమ్ గోడ మీద ఉందా? ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి వెళ్ళే గాలిలో తేమ పట్టే బ్రీదర్‌లో సిలికా జెల్ నీలంగా ఉందా, గులాబీ రంగుకి తిరిగిందా? గులాబీ అయితే అది పీల్చగలిగినంత తేమ పీల్చేసింది, ఎవరూ అటు చూడలేదన్నమాట. అన్నీ సరిగ్గా ఉంటేనే చేరమని చెప్పడం లేదు. వీటి గురించి అడిగినప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి విసుక్కుంటాడా, ఆగి చెబుతాడా అన్నది గమనించు. ఆగి చెప్పే మనిషి ఉంటే గులాబీ జెల్ ఉన్నా చేరిపో.

ఇక చేరాక. మొదటి నెల స్పానరు పట్టుకోవాలని తొందరపడకు, లాగ్ బుక్ పట్టుకో. గంటగంటకీ రీడింగులు రాయమంటారు. చాలాచోట్ల జరిగేదేమిటంటే, షిఫ్ట్ చివర్లో కుర్చీలో కూర్చుని పై గడిలో అంకెల్నే కింది గడుల్లోకి దించేస్తారు. చిల్లర్ నుంచి నీళ్లు వెళ్ళేది 7 డిగ్రీలు, తిరిగొచ్చేది 12. అర్ధరాత్రి అదే, మిట్టమధ్యాహ్నం అదే. ఆ పుస్తకాన్ని నమ్మితే ఆ రోజు విజయవాడలో ఎండా కాయలేదు, ఆసుపత్రికి పేషెంట్లూ రాలేదు.

నువ్వు మాత్రం ప్రతి మీటరు దగ్గరికీ నడిచి వెళ్ళి, చూసి రాయి. నీ సొంతానికి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. చిల్లర్‌లో ఒక్క సంగతి చెబుతాను, దాన్ని రోజూ పట్టించుకో. చిల్లర్ వేడిని నీళ్లలోకి వదిలే భాగం కండెన్సర్, అందులో గ్యాస్ ఏ టెంపరేచర్ దగ్గర ద్రవంగా మారుతోందో ప్యానెల్ చూపిస్తుంది. కండెన్సర్ నుంచి బయటికి వచ్చే నీళ్ల టెంపరేచర్ కూడా అక్కడే ఉంటుంది. ట్యూబులు శుభ్రంగా ఉన్నప్పుడు ఈ రెంటికీ తేడా ఒకటి, రెండు డిగ్రీలు. బోరు నీళ్లని కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ దాటించకుండా వదిలేసినా, కండెన్సర్ నీళ్లని చల్లబరిచే కూలింగ్ టవర్‌లో చిక్కబడ్డ నీళ్లని కొంత వదిలేయడం (బ్లోడౌన్) మానేసినా ట్యూబుల్లో పొలుసు కడుతుంది, ఆ తేడా మెల్లగా మూడు, నాలుగు, ఐదుకి ఎక్కుతుంది. మెల్లగా ఎక్కుతుంది కాబట్టే ఎవరికీ కనిపించదు. చిల్లర్ చల్లబరుస్తూనే ఉంటుంది, కాకపోతే కరెంటు ఎక్కువ తాగుతుంది. చివరికి మే నెలలో ఒక మధ్యాహ్నం హై ప్రెషర్ అని ట్రిప్ అవుతుంది, అప్పుడు అందరూ కంపెనీ సర్వీసువాళ్ళకి ఫోన్లు కొడతారు. నీ నోట్‌బుక్‌లో జనవరి నుంచి అంకెలు ఉంటే, ట్యూబులు బ్రష్ చేయించమని ఫిబ్రవరిలోనే చెప్పగలవు. లోడ్ దాదాపు ఒకేలా ఉన్న టైములోనే పోల్చు, లేకపోతే లెక్క తప్పుతుంది. ట్రైనీ మాట ఎవరు వింటారంటావా? గ్రాఫ్ గీసి చూపించు, వింటారు.

టవర్ గురించి కూడా కాస్త. ఎండ 44 ఉన్న రోజు కూలింగ్ టవర్ చేతులెత్తేస్తుందని చాలామంది అనుకుంటారు. గాలి పొడిగా ఉంటే ఆ ఎండలోనూ నీళ్లు 31 దాకా దిగొచ్చు, ఎందుకంటే టవర్ పనిచేసేది నీళ్లు ఆవిరవడం మీద. సెప్టెంబరులో ముసురు పట్టి 32 డిగ్రీలే ఉన్న రోజు గాలిలో చెమ్మ నిండిపోయి నీళ్లు ఆవిరవ్వవు, ఫ్యాను ఎంత తిరిగినా నీళ్లు 32, 33 దగ్గరే ఆగిపోతాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి ఇది బాగా వర్తిస్తుంది. రెండు రకాల రోజులూ నీ నోట్‌బుక్‌లోకి రావాలి.

ఆరు నెలల్లో ఒక నెలైనా నైట్ షిఫ్ట్ అడిగి చెయ్యి. పగలు ఇంజనీరు, మేనేజరు అందరూ ఉంటారు, నీకు పని తగలదు. రాత్రి ఒక ఎలక్ట్రీషియన్, ఒక ఏసీ టెక్నీషియన్, ఒక ప్లంబర్, నువ్వు. కరెంటు పోగానే, జనరేటర్‌ని తనంతట తానే నడిపించే ఏఎంఎఫ్ ప్యానెల్ దాన్ని పసిగట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకర్ మార్చేదాకా పది, పదిహేను సెకన్లు వెంటిలేటర్లు యూపీఎస్ మీద నడుస్తాయి. జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఎక్కువసార్లు తప్పు బ్యాటరీదే, అందుకని దాని టెర్మినల్స్, చార్జర్ వోల్టేజీ చూడడం అలవాటు చేసుకో. వారానికోసారి జనరేటర్‌ని ఖాళీగా పది నిమిషాలు తిప్పి "డీజీ (డీజిల్ జనరేటర్) ఓకే" అని రాస్తారు. ఇంజిన్ ఎప్పుడూ లోడ్ లేకుండానే తిరిగితే సగం కాలిన డీజిల్ సైలెన్సర్‌లో తడిగా పేరుకుంటుంది. అసలు లోడ్ మీద టెస్ట్ ఎప్పుడు పెడతారో అడుగు, పెట్టే రోజు సెలవు తీసుకోకు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, నీకు గుర్తుండే ఉంటుంది. సెల్లార్‌లో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నది అప్పుడు ఈ ఊళ్లో అందరికీ తెలిసొచ్చింది. నీ ఆసుపత్రి సెల్లార్‌లో ఏమేం ఉన్నాయో, అక్కడి నీళ్లు తోడే పంపుకి సప్లై ఎక్కడి నుంచి వస్తోందో మొదటి వారంలోనే కనుక్కో. ఆ పంపు కూడా మునిగిపోయే ప్యానెల్ నుంచే నడుస్తుంటే ఆ సంగతి నీ రిపోర్టులో రాయదగ్గది. తడిసిన ప్యానెల్‌ని తుడిచేసి ఆన్ చేద్దామనేవాళ్ళు ఉంటారు. ఆరబెట్టి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ వేసి, విలువ సరిగ్గా వచ్చాకే కరెంటు ఇవ్వాలి.

ఇప్పుడు చెప్పేవి సలహాలు కావు, మావయ్య ఆర్డర్లు. ఎస్టీపీ ట్యాంకులోకి, మురుగు సంపులోకి ఎవరు చెప్పినా దిగకు. అక్కడ ఊరే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాళ్ళూ, వాళ్ళని లాగుదామని వెనకే దిగినవాళ్ళూ పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఒంటరిగా ప్యానెల్ తెరవకు. బ్రేకర్ ఆపి పనిచేసేటప్పుడు దానికి తాళం, ట్యాగు వేసి, తాళం చెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి. ఆపాక కూడా టెస్టర్ పెట్టి చూసే చెయ్యి పెట్టాలి. లిఫ్ట్ షాఫ్ట్ జోలికి వెళ్ళకు, అది ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు (ఏఎంసీ) తీసుకున్న కంపెనీవాళ్ళ పని.

నువ్వు గుంటూరులో పుట్టి పెరిగి కూడా చూడని ఒక కాలేజీ మీ ఊరి చుట్టూ ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలు. ఆసుపత్రి చిల్లర్‌కి చుట్టూ కవర్లు, లోపల సెన్సార్లు ఉంటాయి, మెషీన్ ఎలా పనిచేస్తోందో కంటికి ఆనదు. అమ్మోనియాతో నడిచే పాత కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్, కండెన్సర్, రిసీవర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు విడివిడిగా కళ్ళ ముందు ఉంటాయి. ఏ పైపు చెయ్యి కాలేంత వేడిగా ఉంది, ఏ పైపు మీద తెల్లగా మంచు పేరుకుంది అన్నది చూస్తూ నడిస్తే రిఫ్రిజిరేషన్ సైకిల్ పూర్తవుతుంది. అక్కడ రాగి పైపులు ఎందుకు కనపడవో ఆపరేటర్‌ని అడుగు. అమ్మోనియా చెమ్మతో కలిసి రాగిని, ఇత్తడిని తినేస్తుంది, అందుకని అంతా స్టీలే. మిర్చి యార్డుకి కాయ దిగే సీజన్‌లో వాళ్ళకి క్షణం తీరిక ఉండదు, అప్పుడు వెళ్ళకు. మీ నాన్నకి తెలిసిన షావుకార్లు ఉన్నారు కదా, ఒక ఆదివారం ఆయనతోనే అడిగించి చూసి రా. లోపలికి వెళ్ళగానే బయటికి దారి ఎటో, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకో. లీకైతే గాలి వెళ్ళే దిక్కుకి పరిగెత్తకూడదు, దానికి అడ్డంగా వెళ్ళాలి.

మనుషుల సంగతి. నీతో పనిచేసేవాళ్ళలో చాలామంది ఏజెన్సీ కింద కాంట్రాక్టు మీద ఉంటారు, జీతాలు తక్కువ. డిప్లొమా చదివాను కదా అని "ఏయ్ ఇటురా" అన్నావో, ఆరు నెలలూ నీకు ఎవరూ ఏమీ చెప్పరు. వయసును బట్టి అన్నా అనో, బాబాయ్ అనో పిలువు. ఏ వాల్వు కడితే ఏ ఫ్లోరుకి నీళ్లు ఆగుతాయో డ్రాయింగ్‌లో ఒకలా ఉంటుంది, ప్లంబర్ తలలో ఇంకోలా ఉంటుంది. ప్లంబర్ చెప్పిందే నిజం. ఆయన వెంట తిరిగి కొత్త డ్రాయింగ్ గీసి ఇవ్వు, నీ ప్రాజెక్టు కూడా అదే అవుతుంది.

పాసయ్యాక సంగతి కూడా ఇప్పుడే తెలుసుకో. ఇప్పుడు చేసేది కాలేజీ ట్రైనింగ్. డిప్లొమా చేతికొచ్చాక 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు, దానికి కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి స్టైపెండ్ ఉంటుంది, సర్టిఫికెట్ చెన్నైలోని సదరన్ రీజియన్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు ఇస్తుంది. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమాని బాధ్యతని ఆ చట్టంలోనే ఉంది. తర్వాత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కి అప్లై చేసేటప్పుడు అనుభవం రుజువులు అడుగుతారు, అందుకని చేసిన ప్రతి చోటా తేదీలతో సహా లెటర్ హెడ్ మీద రాయించుకో. బాయిలర్ ఉన్న హోటళ్ళు, పెద్దాసుపత్రుల వైపు వెళ్ళాలనిపిస్తే బాయిలర్ అటెండెంట్ పరీక్ష గురించి కూడా ఆలోచించు. డిప్లొమా ఉన్నవాళ్ళు అటు పెద్దగా చూడరు, నువ్వు చూడు.

సోమవారం కాలేజీ లెటర్ రెండు కాపీలు తీసుకుని వెళ్ళు, ఒకదాని మీద వాళ్ళ సంతకం, స్టాంపు వేయించుకుని నీ దగ్గర ఉంచుకో. సేఫ్టీ షూ వాళ్ళు ఇవ్వకపోతే నేను కొంటాను, సైజు మెసేజ్ పెట్టు. పగటి షిఫ్టులకి గుంటూరు నుంచి రైల్లో తిరిగినా సరే గానీ నైట్ షిఫ్ట్ నెలంతా మా ఇంట్లోనే ఉండు. పగలు పడుకోవడానికి వెనక గది ఖాళీ చేయిస్తానని అత్తయ్య అంది.

మీ మావయ్య,
విజయవాడ