బార్ లైసెన్సు కోసం ఇల్లు తాకట్టు పెట్టమంటున్నారు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మా వారికి భోజన హోటల్ ఉంది. ఆయన తాగుడు మానేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు భాగస్వామితో కలిసి పై అంతస్తులో బార్ పెడతానంటూ, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద నా పేరిట రాసిన ఇంటిని తాకట్టు పెట్టమంటున్నారు. వద్దంటే, ‘ఊళ్లో అందరూ పెట్టడం లేదా’ అని మా అత్తగారు కోప్పడుతున్నారు. నేనేం చేయాలి?

సమాధానం: అమ్మా, ఇల్లు పోతుందేమోనన్న భయాన్ని మీరు బయటికి చెప్పగలుగుతున్నారు గానీ, ఆయన మళ్లీ తాగుతారేమోనన్న భయం మీ నోటి దాకా వచ్చి ఆగిపోతున్నట్టుంది. నా దృష్టిలో ముందు మాట్లాడవలసింది ఆ రెండో దాని గురించే.

బార్ పెట్టడం తప్పా ఒప్పా అనే వాదనలోకి దిగకండి. 1995లో సంపూర్ణ మద్యనిషేధం విధించిన మన రాష్ట్రమే 1997లో దాన్ని సడలించింది. అక్కడే తేలని వాదన మీ ఇంట్లో తేలదు. 2025 సెప్టెంబరు నుంచి అమలైన విధానంలో బార్లు ఉదయం 10 నుంచి రాత్రి 12 గంటల వరకు తెరిచి ఉండవచ్చు. అన్ని గంటలూ గల్లాపెట్టె దగ్గర, సరుకు గది తాళాలు చేతిలో పెట్టుకుని కూర్చునేది ఎవరు? మానేసినవారికి మళ్లీ యావ పుట్టించేవి చాలాసార్లు ఆ వాసన, ఆ వేళ, ఆ పాత స్నేహాలే. ‘రాత్రి పదకొండింటికి అక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు మనసు లాగితే ఏం చేస్తారు?’ అని నిందలేని గొంతుతో అడిగి, జవాబు ఆయన్నే చెప్పనివ్వండి. అప్పట్లో చికిత్స చేసిన వైద్యుడి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి ఇదే ప్రశ్న అడిగితే మరీ మంచిది. మీకే మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంటి సంగతి సూటిగానే చెబుతాను. మీ పేరిట ఉన్న ఆస్తి మీ సొంతం, మీరు ఇష్టపడి సంతకం చేస్తే తప్ప దాన్ని తాకట్టు పెట్టడం కుదరదు. జనాభా 5 లక్షలు దాటిన నగరాల్లో బార్ లైసెన్సు రుసుమును ఏడాదికి 75 లక్షలుగా నిర్ణయించారు. వ్యాపారం పడుకున్న ఏడాది కూడా అది కట్టవలసిందే. భాగస్వామికి అంత నమ్మకముంటే తన పేరిట, తన పూచీ మీద, వేరే చోట పెట్టుకోమనండి. మీ హోటల్ ఇప్పటిలాగే నడుస్తుంది.

మీ అత్తగారితో మాత్రం ఒంటరిగా మాట్లాడండి. ఆయన తాగి వచ్చిన రాత్రులలో తలుపు తీయడానికి మీతోపాటు ఆమె కూడా మేలుకునే ఉండి ఉంటారు.