కర్ణాటక సంగీతం నేర్చుకున్న గొంతుతో అమెరికా యూనివర్సిటీ క్వయర్‌లో పాడవచ్చా?

తప్పకుండా చేరండి. మీరు ఐదున్నర శ్రుతిలో పాడతానన్నారు. పాశ్చాత్య నొటేషన్ చదవడం రాదన్నారు. గమకాలకు (స్వరాన్ని ఊపుతూ పాడే తీరుకు) అలవాటుపడిన గొంతు క్వయర్‌కు, అంటే వేర్వేరు వరుసలను కలిపి పాడే బృందానికి, పనికొస్తుందా, ఎం.ఎస్. చదువు మధ్య దానికి తీరిక దొరుకుతుందా అని అడిగారు. నేనూ చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతమే నేర్చుకుని, అమెరికాలో ఎం.ఎస్. చదివినన్నాళ్లూ యూనివర్సిటీ క్వయర్‌లో ఆల్టో (ఆడవారి రెండు వరుసల్లో కిందిది) పాడాను. మీ సందేహాల్లో నిజంగా ఆలోచించవలసింది గొంతు గురించే. కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు ఏ బృందంలో చేరాలో చూసుకోండి. సంగీతమే ప్రధానంగా చదివే విద్యార్థుల ఛేంబర్ క్వయర్ అనే చిన్న బృందంలో పోటీ గట్టిగా ఉంటుంది. గ్లీ క్లబ్బులనే బృందగాన సంఘాలది పాత సంప్రదాయం, హార్వర్డ్‌లో అది 1858లోనే మొదలైంది. వాద్యాలు లేకుండా పాడే అకపెల్లా బృందాలను విద్యార్థులే నడుపుకుంటారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 1996లో పుట్టిన పెన్ మసాలా ఆ కోవలోదే, హిందీ పాటలనూ ఇంగ్లిష్ పాటలనూ కలిపి పాడుతుంది. మీకు మాత్రం నేను పెద్ద కోరస్‌నే సూచిస్తాను. అందులో విద్యార్థులు, ప్రొఫెసర్లు, ఊరివాళ్లు పక్కపక్కన నిలబడి పాడతారు. మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో 1879లో అలా అందరూ కలిసి క్రీస్తు గురించి హాండెల్ రాసిన ‘మెస్సయ్య’లోని బృందగీతాలు పాడుకోవడానికి కూడారు. ఆ బృందం ఇప్పటికీ పాడుతోంది.

ఆడిషన్‌కు భయపడకండి. పెద్ద కోరస్‌లో సాధారణంగా డైరెక్టర్ పియానో వాయిస్తూ మీ గొంతు ఎంత కిందికి, ఎంత పైకి వెళ్తుందో చూస్తారు. తర్వాత కొన్ని స్వరాలు వాయించి తిరిగి పాడమంటారు. గురువు పాడింది విని అప్పజెప్పడం మనకు మొదటి పాఠం నుంచి ఉన్న పనే కదా. ఐదున్నర శ్రుతిలో మంద్ర పంచమం నుంచి తార పంచమం వరకు గొంతు తిరిగితే అది దాదాపు ఆల్టో పరిధే. ఆడవారి పై వరుస సొప్రానో గొప్పది, ఆల్టో తక్కువది అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. సంగీతం లోపల ఏం జరుగుతోందో తెలిసేది మధ్య వరుసలు పాడేవాళ్లకే.

క్వయర్‌లో స్వరం తిన్నగా, కదలకుండా నిలవాలి. మనకేమో గాంధారం మీద, నిషాదం మీద గొంతు తనంతట తానే ఊగుతుంది. చుట్టూ ఆల్టోలందరూ నిలిపి పట్టిన స్వరంలో ఆ ఒక్క ఊపే పైకి వినిపిస్తుంది. జారు కూడా అంతే. దీనికి మందు మన దగ్గరే ఉంది. పొద్దున్నే తంబూరా పెట్టుకుని ఒక్కో స్వరాన్ని అకారంలో ఊపిరి ఉన్నంతసేపు నిలిపే సాధన చేయండి. గమకం ఎక్కడికీ పోదు, ఇంటికి వచ్చి తోడి పాడుకుంటే అలాగే ఉంటుంది.

గొంతు కన్నా మీ చెవి పెద్ద ఆస్తి. ఒక రిహార్సల్‌లో పాట ముగింపు కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల కలయిక) దగ్గర మగవారి కింది వరుస బాస్‌లకు షడ్జం, పై వరుస టెనర్లకు పంచమం, సొప్రానోలకు పై షడ్జం, మా ఆల్టోలకు మన లెక్కలో అంతర గాంధారం వచ్చాయి. పియానోతో పాడినంతసేపూ మామూలుగానే ఉంది. డైరెక్టర్ పియానో ఆపించి, ఆల్టోలను వెంట్రుకవాసి దించమన్నారు. పియానోలో పన్నెండు స్వరస్థానాలను సమాన దూరంలో సర్దుతారు కాబట్టి అందులోని గాంధారం సహజమైన గాంధారం కన్నా కొద్దిగా ఎక్కువగా ఉంటుంది. బాగా శ్రుతి చేసిన తంబూరాలో ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం మీకు తెలుసు. మేము దాని మీద నిలిచేసరికి కార్డ్ మొత్తం ఒక్కసారిగా బిగిసింది. ఎవరూ గొంతు పెంచలేదు, గది మాత్రం నిండిపోయింది. ఏళ్ల తరబడి తంబూరా పక్కన కూర్చున్న చెవికి ఆ చోటు కొత్త కాదు. అంత ఆనందం నాకు ఒంటరిగా పాడిన ఏ కచేరీలోనూ దొరకలేదు.

నిజంగా కష్టపెట్టేది షడ్జం కదలడం. తంబూరా ఉండదు, పాట నడుమ ఆధార స్వరమే మారిపోతుంది. దానికి తోడు మరో మూడు వరుసలు మీ చుట్టూ మరో మూడు దారుల్లో పోతుంటాయి. మేము మోజార్ట్ ‘రిక్వియమ్’ పాడాం, అది చనిపోయినవారి కోసం చేసే చర్చి ప్రార్థన. 1791లో ఆయన పూర్తిచేయకుండానే చనిపోతే శిష్యుడు జూస్మాయర్ పూర్తిచేసిన రచన అది. అందులోని ఫ్యూగ్‌లో (వరుసలు ఒకదాని వెంట ఒకటి అందుకునే భాగంలో) బాస్‌లు ‘కీరియె ఎలేయిసోన్’ అని ఎత్తుకుంటారు. వాళ్ల వరుస ముగియకముందే ఆల్టోలు ‘క్రీస్తె ఎలేయిసోన్’ అని వేరే వరుసతో అందుకోవాలి. అందులోని వేగమైన పరుగులు మూడో కాలంలో అలంకారాలు పాడినవారికి లొంగుతాయి. చెవులు మూసుకుని మన వరుస మనం పాడుకుంటే ఎలాగో గట్టెక్కవచ్చు, కానీ అది క్వయర్ కాదు. బాస్‌లు ఏ అక్షరం మీదికి వచ్చినప్పుడు నేను ఎత్తుకోవాలో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. రిహార్సల్‌కు పెన్సిల్ లేకుండా వెళ్లకండి.

లాటిన్ అచ్చులు మనకు నోటిలో ఉన్నవే. అమెరికన్ విద్యార్థులు ‘ఓ’ను ‘ఓఉ’ చేస్తుంటే డైరెక్టర్ మాటిమాటికీ ఆపుతారు, ఆ ఇబ్బంది మీకుండదు. మీరు చూసుకోవలసింది మాట చివరి హల్లును. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘స్’ను ఏ దెబ్బ మీద వదలాలో మనం ఆలోచించం. అంతమంది ‘స్’ ఒకే క్షణంలో పడకపోతే పాము బుసకొట్టినట్టు ఉంటుంది. ఊపిరి కూడా పక్కవారితో పాటు కాకుండా వేరే చోట తీసుకోవాలి, అప్పుడే వరుస తెగదు.

నొటేషన్‌కు ప్రయాణానికి ముందున్న నెలలు చాలు. ట్రెబుల్ క్లెఫ్ (గీతల మీద ఏ స్వరం ఎక్కడుందో చెప్పే గుర్తు), కాల ప్రమాణాల గుర్తులు నేర్చుకోండి. ‘డో రే మీ’లను ‘స రి గ’లుగా అనుకుంటే త్వరగా పట్టుబడతాయి. ఐఎమ్ఎస్ఎల్‌పీ వెబ్‌సైటులో పాత రచనల స్కోర్లు ఉచితంగా దొరుకుతాయి. ‘మెస్సయ్య’ తెరిచి, రికార్డింగ్ వింటూ ఆల్టో వరుస మీద వేలు నడపండి. చేరాక మొదట్లో బాగా చదవగలిగిన ఆల్టో పక్కన కూర్చోండి.

తీరిక విషయానికి వస్తే, మా రిహార్సల్ వారానికి ఒక సాయంత్రమే ఉండేది. కచేరీ వారంలో మాత్రం దాదాపు ప్రతి సాయంత్రం పోతుంది, అది పరీక్షలకు దగ్గరలోనే పడుతుంది. సెమిస్టర్ మొదట్లోనే తేదీలు చూసుకుని ప్రాజెక్టు పని ముందుకు జరుపుకోండి. క్రెడిట్‌కు నమోదు చేసుకుంటే అదనపు ఫీజు పడుతుందేమో అడగండి, పడేటట్టయితే క్రెడిట్ లేకుండా పాడే వీలుందేమో కనుక్కోండి. ఇంట్లో ఎవరైనా చర్చి పాటలు ఎందుకంటే, యేసుదాసు గారి గొంతులో త్యాగరాజ కృతులు విని మనం ఎంత పొంగిపోతామో గుర్తు చేయండి.

ఫాల్ సెమిస్టర్ ఆడిషన్లు చాలాచోట్ల తరగతులు మొదలైన వారంలోనే అయిపోతాయి. బ్యాంకు ఖాతా, ఇల్లు అంటూ తిరిగే హడావిడిలో ఆ వారం జారిపోతుంది. సంగీత విభాగం వెబ్‌సైటులో డైరెక్టర్ చిరునామా ఉంటుంది, వెళ్లేముందే మెయిల్ రాయండి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నానని, నొటేషన్ ఇప్పుడే మొదలుపెట్టానని, ఆల్టో పాడగలనని రాస్తే చాలు.